పిలిచినావిడే పంపాలి

మా మామయ్య త్రాసులు బాగుచేస్తాడు. కూరగాయల త్రాసు, బియ్యం కొట్టు కాటా, బంగారం తూచే అద్దాల పెట్టె త్రాసు, ఏదైనా సరే, ముల్లు ఎటు మొగ్గినా ఆయన చేతిలో పడితే మధ్యకు రావలసిందే. ఆ పనిలోనే తల నెరిసిన మనిషి కాబట్టి తూకానికి రానిదేదీ ఆయన లెక్కలో ఉండేది కాదు. దేవుడు కూడా. అత్తయ్య పూజ చేసుకుంటుంటే పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు. ఆవిడ గంట కొడితే ఈయన పేజీ తిప్పేవాడు.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆయనదీ నాదీ ఒకే జట్టని సంబరపడ్డాను. మా నాన్న బళ్ళో సైన్సు పాఠాలు చెప్పేవాడు. మా ఇంట్లో దేవుడి మందిరం ఉండవలసిన మూలలో పుస్తకాల బీరువా ఉండేది. దేవుడంటే రాయి, రాయంటే ఏ రకం రాయో చెప్పు అనేవాడు నాన్న. ఆ పెంపకంలో పెరిగినదాన్ని కదా, అత్తయ్య పూజలో కూర్చున్నప్పుడే నాకు వంటింట్లో గిన్నెలు సర్దాలనిపించేది. కావాలనే కాస్త చప్పుడు చేసేదాన్ని. ఆవిడ ఒక్కనాడూ నన్ను పూజకు రమ్మనలేదు, చప్పుడు చేయకమ్మా అని కూడా అనలేదు. అది నాకు ఇంకా ఒళ్ళు మండించేది. పోట్లాడే సందు ఇవ్వని అత్తగారితో కాపురం మహా కష్టం.

ఇల్లు పైన, పనిచేసే షెడ్డు కింద. ముల్లున్న త్రాసులు తెచ్చేవాళ్ళు రానురాను తగ్గిపోయి, అంకెలు వెలిగే కాటాలు తెచ్చేవాళ్ళు పెరిగారని మా ఆయన పోరుపెట్టి ఒక కొత్త మిషను తెప్పించాడు. ఎలక్ట్రానిక్ కాటాల తప్పొప్పులు సరిచూసే మిషనది. రాతి బల్ల మీద బిగించి, నాలుగు మూలలా మట్టం చూసి, వైరు గోడకు పెట్టబోతుంటే అత్తయ్య పూజ సామానుతో మెట్లు దిగి వచ్చింది. ఒక్క నిమిషం ఆగమంది. వినాయకుడికి చెప్పకుండా కొత్త పని మొదలుపెట్టడం ఆవిడ పుట్టాక జరగలేదు.

మిషను మధ్యలో బరువు పెట్టే స్టీలు పలక ఉంటుంది. సమంగా, శుభ్రంగా ఉన్నది అదొక్కటేనని చూసి, ఆవిడ తన ఇత్తడి పళ్ళెం తీసుకెళ్ళి సరిగ్గా దాని మీదే పెట్టింది. పళ్ళెంలో బియ్యం, బియ్యం మీద తమలపాకు. పసుపు కాసిని నీళ్ళతో కలిపి, బొటనవేలంత ముద్ద చేసి ఆకు మీద నిలబెట్టింది. మిషను పక్కన కుంకుమతో స్వస్తిక్ గుర్తు వేసింది. ఆవిడకు స్టూలు తెచ్చిచ్చిన పాపానికి నేను మధ్యలో ఇరుక్కుపోయి చూస్తూ నిలబడ్డాను. నా మొహంలో ఏం కనిపించిందో, మొదటిసారి నాతో ఆ సంగతి మాట్లాడింది.

"ఇది పసుపేనమ్మా. ఇందాక నువ్వు పప్పులో వేసిన డబ్బాలోదే. ఇప్పుడు రమ్మని పిలిస్తే ఇందులోకి వస్తారు. పూజయ్యాక వెళ్ళి రండి అంటే వెళ్తారు. ఆ తర్వాత మళ్ళీ పసుపే."

భలే వీలైన దేవుడే అనుకున్నాను లోపల. పైకి అనలేదు, అంత తెలివి ఉంది నాకు.

ఆవిడ పిలిచింది. కూర్చోమంది. కాళ్ళకు నీళ్ళిచ్చింది, చేతులకు ఇచ్చింది, తాగడానికి ఇచ్చింది. పువ్వుతో నాలుగు చుక్కలు చిలకరించి స్నానం చేయించింది. పత్తి పోగును బట్టలుగా సమర్పించింది. ఇక పూలు పెట్టాలి. చేతిలోకి తీసుకున్న పువ్వు జారి కింద పడింది. అత్తయ్య పువ్వు వంక కాదు, చేయి వంక చూసుకుంది. నోరు ఒక పక్కకు వంకరపోయింది. మా ఆయన పట్టుకోకపోతే తల రాతి బల్లకు తగిలేది.

మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు ఆసుపత్రిలో. కుడి పక్క చచ్చుబడింది. మాట పోయింది. మనుషులను గుర్తుపడుతోందో లేదో కూడా తెలియలేదు. గండం గడిచిందని ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. సాయంత్రం మా ఆయన అక్కడ ఉండిపోతే, దుప్పట్లూ బట్టలూ తేవడానికి మామయ్యా నేనూ ఇంటికి వచ్చాం.

షెడ్డు తలుపు తీసినది తీసినట్టే ఉంది. దీపం కొండెక్కింది. నైవేద్యానికని తెచ్చిన బెల్లం ముక్క గిన్నెలో అలాగే ఉంది, దాని చుట్టూ చీమలు చేరుతున్నాయి. పసుపు ముద్ద పత్తి పోగు కప్పుకుని బియ్యం మీద కూర్చుని ఉంది. నేను ముందు ఇదంతా తీసేసి శుభ్రం చేద్దామని పళ్ళెం మీద చేయి వేయబోయాను.

"ఉండమ్మా. ముట్టుకోకు" అన్నాడు మామయ్య. "ఆయన్ని ఇంకా పంపలేదు."

నేను తెల్లబోయి చూశాను. గంట మోగితే పేజీ తిప్పే మనిషి పంపు దగ్గరకెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చాడు. దీపం మళ్ళీ వెలిగించాడు. చీమలను ఊది, డబ్బాలోంచి కొత్త బెల్లం ముక్క తీశాడు. కొట్టుకు వచ్చిన పెద్దమనిషికి పెట్టినట్టు ఒక నమస్కారం పెట్టాడు. ఆయనకు తెలిసిన నమస్కారం అదొక్కటే.

"ఆలస్యమైంది. ఏమనుకోకండి. ఇంట్లో ఇలా అయింది" అని, బెల్లం గిన్నె ముందుకు జరిపాడు.

నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. పొద్దుట్నుంచి ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను. చచ్చుబడిన పెళ్ళాన్ని ఆసుపత్రిలో వదిలి వచ్చిన మనిషి, ఇంట్లో అతిథి ఆకలితో ఉన్నాడని క్షమాపణ చెప్పుకుంటున్నాడు. ఆ అతిథి ఉన్నాడా లేడా అన్న వాదన నాకు ఆ క్షణంలో చాలా చిన్నదిగా కనిపించింది.

కాసేపటికి తేరుకుని, ఇక పంపేసినట్టేనా, తీసేయనా అని అడిగాను. పూజ చివర పసుపు ముద్దను ఉత్తరం వైపు కాస్త జరిపి, వెళ్ళి రండి అని చెప్పాలట. దాన్ని ఉద్వాసన అంటారట. అది మాత్రం తాను చేయనన్నాడు.

"పిలిచింది మీ అత్తయ్య. పిలిచినావిడే పంపాలి."

ఆ రోజు నుంచి మా ఇంటికి అతిథి వచ్చి ఉన్నట్టే లెక్క. మామయ్య పొద్దున ఆసుపత్రికి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి షెడ్డులో ఆయనకు మర్యాదలు చేసేవాడు. మంత్రాలు ఏళ్ళ తరబడి పేపరు చాటునుంచి విన్నవే. కొన్ని గుర్తున్నాయి, కొన్ని లేవు. లేనిచోట తెలుగులో మామూలుగా చెప్పేవాడు, ఇదిగో నీళ్ళు, ఇదిగో పువ్వు అని. వరస కూడా తప్పేవాడు. ఒకరోజు భోజనం పెట్టకుండానే తాంబూలం ఇచ్చేశాడు. అన్నం తినకముందే కిళ్ళీ ఏమిటి మామయ్యా అన్నాను. నాలుక కరుచుకుని తమలపాకు వెనక్కి తీసుకున్నాడు.

వంటింట్లో గిన్నెలు మోగించడం మానేసి నేను ఆయన పక్కన నిలబడటం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు. పువ్వులు అందించేదాన్ని. అందిస్తూ ప్రశ్నలు వేసేదాన్ని, సైన్సు మాస్టారి కూతుర్ని కదా. గంట ఎందుకంటే, ఎవరింటికైనా వెళ్తే తలుపు కొట్టమా అనేవాడు. దీపం ఎందుకంటే, కొట్లో లైటు లేకపోతే వచ్చినవాడు మొహం ఎలా చూపిస్తాడు, మనం ఎలా చూస్తాం అనేవాడు. హారతి కర్పూరం బూడిద కూడా మిగలకుండా కాలిపోతుందని, మనలో 'నేను' అన్నదీ అలాగే పోవాలని అత్తయ్య ఎవరికో చెబుతుండగా విన్నాడట. తనకు మాత్రం ఇంకా చాలా మిగిలే ఉందని నవ్వాడు. దేవుడు ఒక్కడే అంటూనే ఇంతమందిని ఎందుకు పెట్టుకున్నారని అడిగితే షెడ్డంతా ఒకసారి చూపించాడు.

"బరువు ఒక్కటేనమ్మా. బంగారానికి ఒక త్రాసు, బియ్యానికి ఒకటి, లారీకి ఒకటి. లారీని తెచ్చి బంగారం త్రాసులో పెడతామా?"

ఈ మాట పండితులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఒప్పుదలైంది. మా నాన్న దగ్గర ఈ ప్రశ్నకు ఎప్పుడూ నవ్వే తప్ప జవాబు దొరకలేదు.

అయినా ఒక అనుమానం పీకుతూనే ఉంది. పూజ సగంలో ఆగితే ఏమవుతుంది, దోషమా? వీధి చివర గుడిలో పూజారిగారిని అడిగాను. ఆయన నవ్వి, దోషమేమీ లేదన్నారు. పసుపులోకి పిలిచిన దేవుడు, ఎవరూ పంపకపోయినా తన దారిన తాను వెళ్తాడట. అసలు అంతటా ఉన్నవాడు కొత్తగా ఎక్కడికి వస్తాడు, ఎక్కడికి పోతాడు? మన గుండెల్లో ఉన్నవాణ్ణే కాసేపు ఎదురుగా కూర్చోబెట్టుకుని, మర్యాద చేసి, మళ్ళీ గుండెల్లోకి తీసుకోవడమే పూజంతా అన్నారు. ఇంటికి నడుస్తూ అదే తలుచుకున్నాను. ఇంత పెద్ద సంగతి మా ఇంట్లో రోజూ జరుగుతుంటే నేను గిన్నెలు మోగిస్తూ గడిపాను. ఒక దేవుణ్ణి నమ్మడం వేరు, ఆ దేవుడు అలసి వచ్చాడేమో అని కాళ్ళకు నీళ్ళివ్వడం వేరు. లోకమంతా నడిపేవాడికి కూడా దాహం వేస్తుందేమో అనుకునే మనసు ఎవరికి పుట్టిందో కానీ, వాళ్ళకు నా దండం.

పూజారిగారి మాట మామయ్యకు చెప్పాను. దేవుడు ఈపాటికి వెళ్ళిపోయే ఉంటాడట అన్నాను. మామయ్య పువ్వు పెడుతూనే విన్నాడు. వెళ్ళిపోయి ఉంటే ఓ పువ్వు ఎక్కువైనట్టు, అంతే కదా అన్నాడు. వెళ్ళకుండా ఉంటే మాత్రం ఆకలితో కూర్చోబెట్టిన పాపం తనదవుతుందన్నాడు.

చిక్కల్లా మా ఆయనతో వచ్చింది. అతిథి కూర్చున్నది కొత్త మిషను మీద. ధాన్యం మార్కెట్టు వాళ్ళు కాటాలు తెచ్చి షెడ్డు నిండా పేర్చి, రేపంటారా ఎల్లుండంటారా అని ప్రాణం తీస్తున్నారు. ఒకవైపు తల్లి అలా, ఇంకోవైపు పని ఇలా, మా ఆయన కోపం ముక్కు మీదే ఉండేది. పళ్ళెం తీసి అలమరలో పెడదామన్నాడు. వాళ్ళ నాన్న వద్దన్నాడు. పోనీ మిషను ఆన్ చేసి ఈయన బరువెంతో చూద్దాం, అదైనా తెలుస్తుంది అన్నాడు వెటకారంగా.

మామయ్య చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. "ఇంటికొచ్చినవాణ్ణి తూస్తార్రా ఎవరైనా?"

జీవితమంతా తూకం తప్ప మరోటి ఎరగని మనిషి ఆ మాట అన్నాడు. మా ఆయన బయటికి పోయాడు కానీ, రెండో పూట మళ్ళీ మొదలుపెట్టాడు. నాకూ లోపల ఎక్కడో, ఇంత పట్టుదల ఎందుకు అనిపించింది. మర్యాద సరే, పళ్ళెం అలమరలో ఉన్నా మర్యాదే కదా.

జవాబు ఆసుపత్రి వరండాలో దొరికింది. ఆ రోజు అత్తయ్యకు ఊపిరి అందడంలేదని ముక్కుకు గొట్టం పెట్టారు. డాక్టరు మా మొహాలు చూడకుండా వెళ్ళిపోయాడు. మామయ్యా నేనూ బల్ల మీద కూర్చున్నాం. ఏమైనా తాగుతారా అంటే తల అడ్డంగా ఊపాడు. ఉన్నట్టుండి, నన్ను కాదు, ఎదురుగా గోడను చూస్తూ చెప్పాడు.

"అతిథి ఇంట్లో కూర్చుని ఉండగా ఇల్లాలు ఎక్కడికి పోతుందమ్మా? మీ అత్తయ్యకు మర్యాద తెలుసు. ఆయన్ని పంపకుండా అది కదలదు. అందుకే నేను పంపను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈయన దేవుణ్ణి మర్యాదతో కట్టిపడేశాడు. దేవుడితో పాటు పెళ్ళాన్ని కూడా. ఒకరు కదిలితే రెండోవారు కదులుతారని, పొద్దునా సాయంత్రమూ బెల్లం ముక్క పెట్టి కూర్చోబెడుతున్నాడు. నమ్మకం లేని మనిషి చేసే పనా ఇది? లేక నమ్మకమంటే ఇదేనా? నాకు అప్పుడు తేలలేదు, ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

ఇంటికి వెళ్ళి మా ఆయనకు ఒకటే మాట చెప్పాను. ఆ పళ్ళెం మీద నీ చేయి పడిందో, నేను ఊరుకోను. అతను నన్ను తేరిపార చూసి, నువ్వా అన్నాడు. నేనే అన్నాను. కారణం కూడా చెప్పాను. అతను మార్కెట్టు కాటాలను పాత పద్ధతిలో, నేల మీద గోనె పరుచుకుని, తూకపు రాళ్ళు పెట్టి సరిచూడటం మొదలుపెట్టాడు. నడుము పట్టేసినా మిషను జోలికి పోలేదు.

అత్తయ్య గండం గట్టెక్కింది. మెల్లగా కళ్ళు మనుషుల వెంట తిరగడం మొదలైంది, జావ మింగింది, ఎడమ చేయి ఎత్తింది. మాట మాత్రం రాలేదు. మంచినీళ్ళు కావాలన్నా ఊఁ అనే చప్పుడే, కోపమొచ్చినా అదే చప్పుడు. డాక్టరు ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. ఆవిడ మెట్లు ఎక్కలేని స్థితిలో ఉంది కాబట్టి కింద షెడ్డును ఆనుకుని ఉన్న గదిలో మంచం వేశాం.

ఇంకేముంది, పిలిచినావిడ వచ్చింది, పంపేస్తుంది అనుకున్నాం నేనూ మా ఆయనా. మామయ్య మాత్రం ఆ మాట ఎత్తడు. షెడ్డు నిండా దుమ్ముంది, ఇప్పుడు కాదు అనేవాడు. కాస్త ఓపిక రానీ అనేవాడు. రెండు గదులకూ మధ్య తలుపు మూసి, గంట కూడా చప్పుడు కాకుండా గుడ్డలో చుట్టి ఊపేవాడు. ముల్లు ఒక వెంట్రుకవాసి పక్కకు పోతే కనిపెట్టే మనిషి, ఇంట్లో అందరికీ తన భయం కనిపిస్తోందని కనిపెట్టలేకపోయాడు.

అత్తయ్య చెవులు చచ్చుబడలేదు కదా. ఒక పొద్దున నా చీర చెంగు పట్టుకుని లాగి, తలుపు వైపు చూపించి, ఊఁ అంది. నేను మంచం అంచున కూర్చుని మొత్తం చెప్పేశాను. పువ్వు జారిన దగ్గర్నుంచి, బెల్లం, క్షమాపణ, తాంబూలం, మిషను, వరండాలో మామయ్య అన్న మాట దాకా. వింటూ వింటూ ఆవిడ మొహం సగం నవ్వింది, నవ్వగలిగిన సగం. కళ్ళు మాత్రం రెండూ కారాయి. తర్వాత కుర్చీ వైపు వేలు చూపించింది. ఆ చూపులో పాత అత్తగారి అధికారం ఉంది. మా ఆయనా నేనూ కుర్చీలో కూర్చోబెట్టి షెడ్డులోకి తీసుకెళ్ళాం.

మామయ్య అప్పుడే పూలు పెట్టి గంట చుట్టిన గుడ్డ విప్పుతున్నాడు. మమ్మల్ని చూసి గంట వెనక్కి దాచుకున్నాడు. అత్తయ్య ఆయన్ని చూడలేదు, పళ్ళెం చూసింది. పసుపు ముద్ద ఎండి బీటలు వారింది, రంగు వెలిసింది. దాని మీద పువ్వు తాజాగా ఉంది. ఆవిడ చాలాసేపు చూసి, ఉత్తరం వైపు తల ఊపింది.

"అలాగే. నువ్వే జరుపు మరి" అన్నాడు మామయ్య. గొంతులో జీవం లేదు. ఆవిడ కుడి చేతిని తన రెండు చేతులతో ఎత్తి పళ్ళెం దగ్గరకు తీసుకెళ్ళబోయాడు. అత్తయ్య ఎడమ చేత్తో ఆ కుడి చేతిని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. మామయ్య వైపు వేలు చూపించింది. ఇన్నాళ్ళూ మర్యాద చేసింది మీరు, మీరే పంపండి అని. మాట లేకపోయినా ఆ సంగతి గదిలో అందరికీ అర్థమైంది.

మామయ్య పసుపు ముద్ద మీద రెండు వేళ్ళు ఆనించాడు. కదపలేదు.

"నాకు భయంగా ఉందే" అన్నాడు. "ఆయన్ని పొమ్మంటే నువ్వు కూడా..."

మా ఆయన మొహం తిప్పుకున్నాడు. అత్తయ్య మళ్ళీ ఉత్తరం వైపు తల ఊపింది, ఈసారి గట్టిగా. మామయ్య కళ్ళు మూసుకుని, పేపరు చాటునుంచి విన్న వీడ్కోలు మంత్రం మొదలుపెట్టాడు. 'క్షేమాయ' అనేదాకా వచ్చి ఆగిపోయాడు. మర్చిపోయి ఆగాడో, భయపడి ఆగాడో తెలియదు.

"పునరాగమనాయ చ."

ఆ మాట అన్నది అత్తయ్య. ఒక్క అక్షరం తడబడలేదు. మళ్ళీ రావడానికే వెళ్ళమని దాని అర్థం. మాటలు పోయినవాళ్ళకు కూడా ఏళ్ళ తరబడి వల్లించిన పాటలూ ప్రార్థనలూ ఒక్కోసారి అలా గడగడా వచ్చేస్తాయని, అంతమాత్రాన మాట వచ్చినట్టు కాదని డాక్టరు తర్వాత చెప్పాడు. నిజమే, ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ మంచినీళ్ళకు మళ్ళీ ఊఁ అనే అంది. సైన్సు మాస్టారి కూతురిగా ఆ వివరణ నేను ఒప్పుకున్నాను. కానీ మిగతా మాటలన్నీ తుడిచిపెట్టుకుపోయిన చోట, దేవుడికి చెప్పే వీడ్కోలు ఒక్కటి చెక్కుచెదరకుండా కూర్చుని ఉందంటే, ఆ ఇల్లాలు దాన్ని ఎంత లోపల దాచుకుందో కదా అని నా ఒళ్ళు గగుర్పొడిచింది.

మామయ్య కళ్ళు తెరిచాడు. పసుపు ముద్దను ఉత్తరం వైపు బియ్యపు గింజంత జరిపాడు. వేళ్ళు వెనక్కి తీసుకున్నాడు. పళ్ళెం వంక చూడలేదు, తిరిగి అత్తయ్యను చూశాడు. ఆవిడ ఊపిరి తీస్తోందా లేదా అని చూస్తున్నట్టు, వంగి, దగ్గరగా చూశాడు.

"ఉన్నావా?" అని అడిగాడు.

అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, ఎడమ చేత్తో నుదురు కొట్టుకుంది.